పాత నీళ్ళు పారబోయమన్న అక్క

మంగళారం పొద్దుగాల చాయ్ పొయ్యి మీద ఉండంగనె ఫోన్ మోగింది. మా లాబ్‌ల అటెండర్ చేసి రిటైరైన చాచా. "బేటీ, అక్కా గుజర్ గయే," అన్నడు. రెండు దినాలు జ్వరమట, మూడో దినం తెల్లారెసరికి మనిషి లేదట. నా నోట్లకెల్లి ముందుగాల వచ్చిన మాట చెప్తె మీరు ఛీ అంటరు. "మీకు ఎవరు చెప్పిండ్రు చాచా? నాకంటె ముందు ఇంకెంతమందికి తెల్సు?" అని అడిగిన. పోయినామె కోసం ఏడుపు రాకముందే, కబురు నాకు ఆఖరుకు వచ్చిందని కడుపు మండింది. ఆమె బతికున్నన్ని దినాలు గూడ నాకు ఆమె మీద గిదే మంట. లాబోళ్లు ఆమె స్మృతిల నాలుగు మాటలు రాయమన్నరు గదా అని ఇప్పుడు దాన్ని దాచి పూలు చల్లుడు నాతోని కాదు.

అక్క అంటె నా తోడబుట్టింది కాదు. పాతబస్తీల శాలిబండ అవతల ఒక పాత బంగ్లాల కాలేయం జబ్బుల మీద పరిశోధన చేసే చిన్న సంస్థ ఉండె. రెండువేల మూడుల నేను పీహెచ్‌డీకి అక్కడ చేరిన. ఆమె అప్పటికే పదేండ్ల నుంచి అక్కడ టెక్నీషియన్. గుంటూరు దిక్కుకెల్లి పెండ్లి చేసుకొని వచ్చింది, భర్త సర్కారు ఆఫీసుల గుమస్తా, బహదూర్‌పురాల కిరాయి ఇల్లు. చేతిల ఒక డిప్లొమా తప్ప డిగ్రీ లేదు. పదేండ్లయినా కొలువు టెంపరరీనే. చిన్నోళ్లు, పెద్దోళ్లు, ఆఖరుకు మా గైడ్ సార్ గూడ ఆమెను అక్క అనే పిలుస్తుండె. కేన్సర్ కణాలను సీసాలల్ల సాకుడు ఆమె పని. ఆమె సెలవు పెడితె ఆ కణాలు అలుగుతయని మావోళ్ల నమ్మకం. నేను ఒక్కదాన్నే నమ్మకపోదును.

మేం చేసే పని రెండు ముక్కలల్ల చెప్త, భయపడకండ్రి. తల్లి కడుపుల ఉన్నప్పుడు బిడ్డ కాలేయం ఒక ప్రోటీన్ తయారు చేస్తది. పుట్టినంక ఆ పని బందు పెడ్తది. పెద్దయినంక కాలేయానికి కేన్సర్ వస్తె, చాలామందిల ఆ కణాలు మళ్లీ దాన్ని తయారు చేసుడు షురూ చేస్తయి. అందుకే డాక్టర్లు నెత్తుర్ల దాన్ని కొలిచి అనుమానపడ్తరు. గడ్డ ఉన్నదని చెప్పే గుర్తు అన్నట్టు. దాన్ని ఉసిగొల్పేది ఫలానా జన్యువు అని మా సార్ అనుమానం. జన్యువు నేరుగ పని చెయ్యదు, చిట్టీ రాసి కణంలకు పంపుతది. ఆ చిట్టీని దారిల్నే చింపే చిన్న ముక్కలను మేం కణంలకు ఎక్కిస్తం. జన్యువు నోరు మూయించుడు అంటం దాన్ని. నోరు మూస్తె ఆ గుర్తు తగ్గుతదా లేదా? తగ్గితె నాకు పీహెచ్‌డీ. తగ్గకుంటె, గోటా జరీ అమ్ముకునే మా బాపు దుకాణంల కూసోని నేను గూడ గజం పట్టుకోవాలె.

ఆమె పద్ధతులు ఆమెకు ఉండె. కణాలకు పోసే గులాబి రంగు నీళ్లను మేం మీడియా అంటం. అది సరిగ్గ వెచ్చగయిందా లేదా అని సీసాను మణికట్టు లోపలి దిక్కు ఆనిచ్చి చూసేది, పసిపిల్లకు పాలు చూసినట్టు. థర్మామీటర్ పక్కనే ఉండంగ! గాజులు తీసి టిఫిన్ డబ్బా మూతల పెట్టి గని లోపల అడుగు పెట్టకపోవు. ఇంకొకటి నాన్ కానూను. మా దిక్కు పొద్దుగాల చాయ్‌ల నాలుగు మూలల నాన్ ముంచుకొని తినకుంటె మాకు దినం షురూ కాదు. నాన్ పిండిల దాన్ని పొంగించే ఈస్ట్ ఉంటది, అది చేతులకో బట్టలకో అంటుకొని కణాలల్ల పడ్డదంటె తెల్లారెసరికి సీసా అంత పాడయితదని ఆమె భయం. అందుకని నాన్ తిన్న దినం ఎవ్వరు గూడ కణాల అర్రలకు రావద్దు.

"నాన్ తిన్నావా? నిజం చెప్పు," అని తలుపు కాడ ఆపేది నన్ను.

"తినలే అక్కా."

"అమ్మాయ్, నీ చున్నీ మీద నాన్ మీద చల్లే కళోంజీ గింజ ఉంది. రేపు రా."

మస్తు కోపం వచ్చేది నాకు. ఎమ్మెస్సీల గోల్డ్ మెడల్ నాది, నన్ను తలుపు కాడ ఆపుడేంది? ఒకసారి అడిగేసిన గూడ, "నువ్వేమన్న సైంటిస్టువా?" అని. నవ్వింది. "నేను కాదులే. కానీ కణానికి మన డిగ్రీలు తెలీవమ్మాయ్," అన్నది. ఆ నవ్వు నన్ను ఇంకింత కాల్చింది.

గణేశ్ నిమజ్జనం దినం ఒకటి యాదికి వస్తది. ధూల్‌పేట్ దిక్కు నుంచి షురువైతె రోడ్లన్ని బందు, బస్సులు లేవు, ఆటోలు లేవు. మా ఇంటికెల్లి లాబ్ పావుగంట నడక, అయినా నేను పోలే. ఎవరు పోతరు ఆ మందిల? తెల్లారి పోయి చూస్తె నా సీసాలన్నిట్ల కొత్త మీడియా మెరుస్తున్నది, పైన ఆమె పెన్సిల్ రాత, తారీఖు. బహదూర్‌పురా నుంచి నడిచి వచ్చిందట, గల్లీ గల్లీ తిరిగి, చెప్పు తెగితె ఉత్త కాళ్లతోని. కాలు మొక్కాలె ఆమెకు. నేనేం చేసిన? "నా సీసాలను ఎవరు ముట్టుమన్నరు నిన్ను?" అని లొల్లి పెట్టుకున్న. ఆమె మొహం జర చిన్నగయింది. "ఆకలితో ఉన్నాయమ్మా, చూస్తూ ఊరుకోలేకపోయాను," అన్నది. అంతే. ఆ దినం నాకు బుద్ధి రాలే. ఆమె మంచితనం గూడ నాకు పోటీలెక్కనే కనపడ్డది.

ఇగ అసలు సంగతికి వస్త. నోరు మూయించే ఆ ప్రయోగం మూడు నెలలు చేసిన. ప్రతిసారి అదే తంతు. చిట్టీ చూస్తె తగ్గిపోయి ఉంటది, అంటె జన్యువు నోరు మూతపడ్డట్టే. కణాలు ఆ ప్రోటీన్‌ను మీడియాలకే వదుల్తయి, ఆ మీడియా తీసి కొలిస్తె గుర్తు మాత్రం ఎప్పటి లెక్కనే నిండుగ. నా ఫెలోషిప్ ఇంక ఆరు నెలలే ఉన్నది. సార్ ఒక దినం కండ్లద్దాలు తీసి, "ఒక్కసారి అక్కతో చేయించు తల్లీ, చూద్దాం," అన్నడు. అక్క చేసింది. ఒక్కటంటె ఒక్కసారి. గుర్తు సగానికి పడ్డది.

వారం వారం కూసునే మీటింగ్‌ల సార్ ఆ కాగితం అందరికి చూపిచ్చి, "చేతిలో ఉంటుందమ్మా ఏదైనా," అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను గూడ కొట్టిన. అరచేతులు మండినయి. ఆ తెల్లారి నుంచి ఆమె వెనకనే కూసోని కండ్లార్పకుంట చూసిన, ఏం మంత్రమో అని. ముక్కలు ఎక్కించేటప్పుడు అదే పిపెట్, అవే డబ్బాలు, అదే లెక్క; ఆ తర్వాతి దినాల పని నేను చూడలే. ఏం దొరకలే. దొరకకపోతె అడగాలె గదా? నోరు రాలే. అడిగితె ఆమె గొప్పతనం ఒప్పుకున్నట్టయితది గదా మరి.

అసూయ మనిషిని ఎంత దూరం తీస్కపోతదో చూడండ్రి. వచ్చే మీటింగ్‌ల లేచి నిలబడి, "సార్, అక్క ప్రయోగం చేసిన పళ్లాలల్ల కణాలు సచ్చిపోయి ఉంటయి. కణాలు తక్కువైతె గుర్తు గూడ తక్కువే ఉంటది గదా. అది నోరు మూసుడు కాదు, సచ్చుడు," అన్న. తప్పు మాట కాదు, లాబులల్ల జరిగే పొరపాటే అది. గని నేనన్నది పొరపాటు పట్టెతందుకు కాదు, ఆమెను పడగొట్టెతందుకు. సార్ అక్క దిక్కు చూసిండు. ఆమె కొంగు తోని చెయ్యి తుడ్చుకొని నోటు పుస్తకం తెరిచింది. ప్రతి పళ్లెంల ఎన్ని కణాలున్నయో లెక్క రాసి పెట్టింది, నోరు మూయించినయి, మూయించనియి, రెండు తీర్లయి. ఇంచుమించు సమానం. సార్ నా దిక్కు చూడకుంట, "కూర్చో," అన్నడు.

ఆ దినం సాయంత్రం అందరు పోయినంక మెట్ల మీద కూసోని ఏడుస్తున్న. ఆమె వచ్చి నా పక్కన కూసున్నది. డబ్బాల మిగిలిన పులిహోర నా చేతిల పెట్టింది.

"నన్నడిగితే చెప్పేదాన్ని కదే పిచ్చిదానా," అన్నది.

"ఏం చెప్తవ్? నీ చెయ్యి నాకు కోసిస్తవా?"

"చెయ్యి కాదు. నువ్వు ముక్కలు ఎక్కించాక మూడో రోజు దాకా మీడియా మార్చట్లేదు. అవునా?"

అవును. ఎందుకు మారుస్త? కాగితాలల్ల, పుస్తకాలల్ల ఎక్కడ గూడ మార్చుమని రాసి లేదు. పైంగ నేను అంగడోళ్ల బిడ్డను. మా ఇంట్ల జానెడు గోటా ముక్క గూడ పారెయ్యరు, ఎప్పుడన్న అక్కరకొస్తదని డబ్బాల వేస్తరు. బాగున్న మీడియాను మోరిల పోసుడంటె నాకు పాణం ఒప్పకపోవు.

"నోరు మూసేది రెండోరోజుకి కదా. దానికి ముందే అనాల్సినవన్నీ అనేసి ఉంటుంది అది. ఆ మాటలన్నీ ఆ నీళ్ళలోనే ఉన్నాయి. నువ్వు మూడో రోజు తీసి కొలిచేది నిన్నటి మాటల్నే. పాత నీళ్ళు పారబోయాలమ్మాయ్. రెండుసార్లు కడిగి, కొత్తవి పోసి, ఆ తరవాత ఏమంటుందో అది విను."

గంతే. అంత సులువు. నా నెత్తి నేనే కొట్టుకున్న. తెల్లారి ఆమె పక్కన నిలబడి నాతోని చేయించింది. ఎట్ల పారబొయ్యాలె, పళ్లెం గోడ పొంటి ఎట్ల నెమ్మదిగ పొయ్యాలె, కణాలు లేవకుంట ఎట్ల కడగాలె. నా మోచెయ్యి కింద ఆమె చెయ్యి పెట్టి పట్టుకున్నది. మూడు సార్లు చేసిన, మూడు సార్లు గుర్తు పడ్డది. ఇయ్యాల నా చేతుల కింద ఏ కణం బతికినా ఆమె పెట్టిన భిక్షనే. గీ మాట అప్పుడే అని ఉంటె ఎంత బాగుండు.

నెల దినాలకు ఢిల్లీకెల్లి ఒక పెద్దాయన లాబ్ చూడ వచ్చిండు. నా ఫలితాల గ్రాఫులు చూసి మస్తు సంబరపడ్డడు. "మూడు నెలలు రానిది ఇప్పుడెట్ల వచ్చింది? మీడియా మార్చాలని ఎవరికి తట్టింది?" అని ఇంగ్లీషుల అడిగిండు. సార్‌కు గూడ తెల్వదు, ఆయన గూడ నా దిక్కు చూసిండు. అక్క వెనక బల్ల మీద పిపెట్‌కు తొడిగే ప్లాస్టిక్ మూతులు డబ్బాలల్ల పేర్చుకుంట కూసున్నది.

"నాకే తట్టింది సార్," అన్న.

వెనక మూతులు పేర్చే చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ల షురువైంది.

ఇంక ఆపకుంట ఇది గూడ చెప్పాలె, లేకుంటె ఈ రాసుడు దండుగ. అప్పటికే ఆమె ఫైల్ పైకి పోయి ఉండె, కొలువు పర్మనెంట్ చెయ్యాలని. డిగ్రీ లేదు గన్క, పరిశోధనల సొంతంగ ఏమన్న చేసినట్టు ఒక్క వ్యాసంల పేరుంటె చాలు, నేను మాట్లాడ్త అని సార్ ఆమెకు చెప్పిండు. ఆ సంగతి నాకు తెల్సు. తెల్వక అన్నదాన్ని కాదు, తెల్సి అన్న. వ్యాసం అచ్చయింది. మొదటి పేరు నాది. ఆమె పేరు ఆఖరున కృతజ్ఞతలల్ల, చిన్న అక్షరాలల్ల, సాంకేతిక సాయం చేసినందుకు అని. యేడాది తిరగకముందే టెంపరరీ కొలువులు తీసేసిండ్రు. ఆమె బహదూర్‌పురాల ఒక చిన్న రక్తపరీక్షల సెంటర్‌ల చేరింది, పొద్దటి నుంచి సూదులు గుచ్చుడు, సీసాలకు చీటీలు అంటించుడు. పోయే దినం "పిల్లలు జాగ్రత్త," అన్నది, కణాలను చూపించి. అరిచి ఉంటె నేను గూడ అరిచి, జగడం పెట్టుకొని, కాళ్లు పట్టుకొని బతుకుదును. అరవకుంట పోయింది.

నాకు డాక్టరేట్ వచ్చింది, అక్కడనే కొలువు వచ్చింది. ఇప్పుడు నా కింద ఇద్దరు పిల్లలు పీహెచ్‌డీ చేస్తున్నరు. "పాత నీళ్లు పారబొయ్" అని నేను రోజు అంటుంటె వాళ్లు దాన్ని మేడమ్ సామెత అంటరు. నాది కాదని చెప్పలే. ఇన్నేండ్లల్ల ఆమె ఇంటికి ఒక్కసారి గూడ పోలే. చాచా పోతుండె, సార్ పోతుండె, వాళ్లు పోయొచ్చి ఆమె పెట్టిన గారెల ముచ్చట చెప్తె నాకు ఆ గారెల మీద గూడ అసూయ.

మంగళారమే పోయిన. ఆ ఇంటి ముందట చెప్పులు చూసి దిమ్మతిరిగింది. గల్లీ సగం దాక చెప్పులే. పరీక్షల సెంటర్‌కు వచ్చే ముసలోళ్లు, మా లాబ్ పాత పోరగాళ్లు, పక్కింటి బుర్ఖా ఆడోళ్లు, కూరగాయల బండాయన. నేను పోతె గింతమంది వస్తరా అని ఆడ నిలబడి లెక్కేసిన, సిగ్గు లేకుంట. లోపల ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నరు. "నాకు సూది తెల్వకుంట గుచ్చేది," అని ఒకామె. "నాకు చెయ్యి పట్టి నేర్పింది," అని లాబ్ పోరగాడు ఒకడు. నా ఒక్కదాని చెయ్యే పట్టిందనుకున్న ఇన్నేండ్లు. అది గూడ పోయింది.

ఆమె బిడ్డ నన్ను గుర్తుపట్టింది. డిగ్రీ చదివే పిల్ల, అచ్చం తల్లి మొహమే. నన్ను చాప మీద కూసోబెట్టి, ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు చెప్పింది. "ఈ మేడమ్ గురించే అమ్మ ఎప్పుడూ చెప్పేది. పదేళ్ళు కణాలతో ఉన్నా నాకు తట్టలేదు, ఆ పిల్లకి తట్టింది, ఎంత తెలివో అని. మేడమ్ వ్యాసం కూడా బీరువాలో దాచుకుంది."

నా అబద్ధాన్ని ఆమె సొంత ఇంట్ల గూడ కాపాడింది. ఎందుకు? నా మీద జాలా? లొల్లి ఎందుకనా? లేకుంటె, నేను దొంగిలించింది ఆమె లెక్కల అసలు పెద్ద సంగతే కాదా? ఈ మూడోది అనుకుంటె నాకు ఇప్పటికి గూడ మండుతది. సచ్చి గూడ నన్ను ఓడగొట్టింది గదా అనుకున్న. గా మంటలనే నోరు తెరిచిన, మంచితనంతోని కాదు.

"కాదు బిడ్డా. అది మీ అమ్మకు తట్టింది. నాకు నేర్పింది. నేనే నాదని చెప్పుకున్న. ఆ వ్యాసంల మీ అమ్మ పేరు పైన ఉండాలె. ఉంటె కొలువు పర్మనెంట్ అయ్యేది. నాకు తెల్సు, తెల్సే చేసిన."

పిల్ల నా మొహం దిక్కే చూసింది. తిడుతదనుకున్న, లేచి పొమ్మంటదనుకున్న. "ఒక్క నిమిషం ఉండండి," అని లోపలికి పోయింది. నేను లేచి పోదామా అని తలుపు దిక్కు చూసిన గూడ. వచ్చేటప్పుడు ఒక ముసలమ్మను రెక్క పట్టుకొని తీస్కొచ్చి, నా ఎదురుంగ, మోకాలుకు మోకాలు తగిలేటట్టు కూసోబెట్టింది. అక్క వాళ్ల అమ్మ.

"అమ్మమ్మకి సరిగ్గా వినపడదు. ఇప్పుడు నాకు చెప్పింది ఆవిడకి చెప్పండి."

చెప్పిన. ముసలామె నా పెదవుల దిక్కు చూసి, "ఏంటమ్మా?" అన్నది.

మళ్ల చెప్పిన. అర్రల మాటలు ఒక్కొక్కటి ఆగిపోయినయి. చాచా తల తిప్పి చూసిండు. గోడకు ఆనుకున్న సార్ గూడ.

"ఇంకా గట్టిగా చెప్పండి మేడమ్," అన్నది పిల్ల.

ముసలామె చెయ్యి చెవి వెనక దొప్ప లెక్క పెట్టుకొని, నా నోటి దగ్గరికి వంగి, ఊపిరి బిగబట్టి కూసున్నది.